మునసబుగారి కంపు ఎక్కడిది?

ఒక ప్రశ్న అడుగుతాను. దుప్పట్లోంచి తలలు బయటపెట్టి సూటిగా జవాబు చెప్పండి. పక్కనున్నవాళ్ళ దగ్గర కంపొస్తే మీరు చేసే మొదటి పనేంటి? ముక్కు మూసుకుంటారు. రెండోది? దూరం జరుగుతారు. మూడోది? "అమ్మకి చెప్తా" అంటావా, తనూ కన్నా? సరే, చెప్పు. అసలు ఆ కంపు ఎందుకొస్తోందా అని దగ్గరికెళ్ళి చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా మీలో? లేరు కదూ. ఫరవాలేదులే, ఈ కథలో పెద్దవాళ్ళు కూడా చూళ్ళేదు.

అనగనగా, గోదారి రెండు పాయల మధ్య ఒక లంక. ఆ లంకలో ఒక ఊళ్ళో వీరాయమ్మ అని ఒకావిడ ఉండేది. ఎండాకాలం వస్తే ఆవిడ వాకిలంతా తాటాకు చాపలే. ఆ చాపల మీద మామిడిరసం పోసి, ఎండనిచ్చి, మళ్ళీ పోసి, మళ్ళీ ఎండనిచ్చి, పొర మీద పొరగా తాండ్ర చేసేవాళ్ళు. వీరాయమ్మా, ఆవిడ తోడికోడలు మంగాయమ్మా, ఇంకో నలుగురు ఆడవాళ్ళూ.

ఆ చాపలకి కాపలా ఒక కుక్క. దాని పేరు మునసబు. మరేం లేదు, అరుగు మీద కాలు మీద కాలేసుకుని అచ్చం పాతకాలం మునసబులాగా కూర్చునేదని ఆ పేరు. కాకి వాలితే ఒక అరుపు. మేక వస్తే రెండు అరుపులు. కోతి వస్తే మాత్రం లేచి నిలబడేది. పదమూడేళ్ళు అలాగే కాపలా కాసింది. తోక చివర తెల్లబడింది, మూతి తెల్లబడింది.

ఒక ఏడు, రసాలు పోయడం మొదలెట్టిన వారానికి, వాకిట్లో కంపు మొదలైంది.

"అక్కా, ఏదో కుళ్ళిన చేప వాసన," అంది మంగాయమ్మ.

"చేప కాదు, తడిసిన గోనెసంచి," అంది ఒకామె.

"మురిగిన గుడ్డు," అంది ఇంకొకామె.

వీరాయమ్మకి ఏం పాలుపోలేదు. ఎలక చచ్చిందేమోనని చూరంతా కర్రతో గెలికింది. ఎలక లేదు. మంచం కింద చూసింది. పాత చెప్పులున్నాయి, అంతే. తాండ్ర పులిసిందేమోనని కంగారులో పొరలు కూడా విప్పి చూడకుండా ఒక చాప మొత్తం తీసి పారబోయించింది. అయ్యో, అది బంగారంలాంటి తాండ్ర! దానికేమీ కాలేదు. అప్పుడు మునసబు లేచి, ఒళ్ళు విరుచుకుని, తోకాడించుకుంటూ వచ్చి ఆవిడ ఒళ్ళో మూతి పెట్టింది.

కంపు!

"ఇదిగో, దొరికాడు దొంగ," అంది మంగాయమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. "అక్కా, తాండ్రకి వాసన ఇట్టే పడుతుంది. ఆ కుక్క వాసన తాండ్రకి పట్టిందంటే ఈ ఏడు మన సరుకు ఎవడూ ముట్టడు. వచ్చే గురువారం దీన్ని పడవెక్కించి అవతల రేవులో దింపేద్దాం. లేదంటే నీ వాకిట్లో మేం రసం పొయ్యం. ఆఁ!"

"అవతల రేవులో ముసలి కుక్క ఎలా బతుకుతుందే?" అంది వీరాయమ్మ.

"ఏమో, నాకేం తెలుసు! గురువారం అన్నాను, అంతే."

అప్పుడు వీరాయమ్మ ఏం చేసిందనుకున్నారు? ఆ లంకలో వాళ్ళకి ఒక అలవాటుంది. చాప వాసనొస్తే దాన్ని కుంకుడురసంతో రుద్ది కడిగి, ఎండలో ఆరేస్తారు. వాసన పోతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్న పని అది. కాబట్టి కుక్కని కూడా చాపలాగే చూసింది.

మొదటిరోజు కుంకుడుకాయలు కొట్టి, నురగలు నురగలుగా రుద్ది, నాలుగు బిందెలు నెత్తిమీంచి పోసింది. మునసబు కళ్ళు మూసుకుని నిలబడింది. సాయంత్రం దాకా బాగానే ఉంది. మర్నాడు పొద్దున్న మళ్ళీ కంపు.

ఆ తర్వాత వేపాకు, పసుపు నూరి ఒళ్ళంతా పట్టించింది. కుక్క పచ్చగా అయిపోయింది. "ఓహో, మునసబుగారు పెళ్ళికొడుకయ్యారండోయ్!" అని ఆడవాళ్ళంతా నవ్వారు. మళ్ళీ నాలుగు బిందెలు నెత్తిమీంచి. వీపు దగ్గర వాసన చూస్తే కమ్మటి వేపవాసన. అది వీరాయమ్మ వైపు తిరిగి మూలిగితే మాత్రం మళ్ళీ అదే కంపు. అదెలా? వీపు మంచిది, కుక్క చెడ్డదా?

ఆ తర్వాత పసిపిల్లలకి పట్టినట్టు సాంబ్రాణి పొగ పట్టింది. గంప బోర్లించి, దానిమీద కుక్కని కూర్చోబెట్టి, కింద నిప్పులు పెట్టి పొగ వేసింది. మునసబు తుమ్మింది, దగ్గింది, గంప తన్నేసి పారిపోయింది. ఇప్పుడు సాంబ్రాణి వాసనా ఉంది, కంపూ ఉంది. రెండూ కలిసి ఊరి చివరిదాకా వెళ్ళాయి.

వీరాయమ్మకి మతి పోయింది. ఇంకో విచిత్రం ఏంటంటే, మునసబు గోడ వైపు తిరిగి పడుకుంటే కంపు లేదు. లేచి పలకరించడానికొస్తే ఉంది. పలకరింపుకి కంపేంటి? ఇంకో సంగతి. గట్టి రొట్టె వేస్తే తినడం మానేసింది. "వయసొచ్చాక వయ్యారాలు!" అని తిట్టింది ఆవిడ. తల కూడా ఒక పక్కకి వాల్చి నడుస్తోంది. "వయ్యారం కాకపోతే మరేంటి!" అని మళ్ళీ తిట్టింది. తిట్టింది కానీ ఆవిడకి అన్నం సయించలేదు. పదమూడేళ్ళ కుక్క కదా.

నవ్వకు తనూ. ఆవిడకి నిజంగానే తెలీలేదు. నీకు తెలిసిపోయిందా? అయితే నోట్లోనే ఉంచుకో, పక్కవాడికి చెప్పకు.

అలా బుధవారం వచ్చింది. ఆరోజు పొద్దున్న ఒక చాప మీద తాండ్ర నిజంగానే పులిసింది. అలాంటప్పుడు చాపంతా పారేయరు. అంచు పైకెత్తి, ఒక్కో పొరా విప్పి, ఒక్కో పొర దగ్గరా వాసన చూస్తారు. ఎక్కడ పులిసిందో అక్కడిదాకా తీసేస్తారు. వీరాయమ్మ అలాగే పొరలు విప్పుతూ, విప్పుతూ, ఠక్కున ఆగిపోయింది.

"నా మతి మండ! కుక్కని మొత్తం ఒకేసారి వాసన చూశాను గానీ, ఎక్కడికక్కడ చూడలేదే!"

అప్పుడు ఆవిడ పరిగెత్తుకెళ్ళి మునసబు పక్కన చతికిలబడింది. తోక దగ్గర చూసింది. ఏం లేదు. పాదాలు ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. ఒట్టి మట్టివాసన. పొట్ట చూసింది. ఇంకా వేపవాసనే. అప్పుడు ఎడమ చెవి ఎత్తింది. లోపలంతా తడి, ఎర్రటి వాపు, పుల్లటి వాసన. ఆ తర్వాత పెదవి మెల్లగా పైకెత్తింది. వెనక దంతం ఒకటి నల్లబడిపోయింది. చిగురు ఉబ్బి చీము పట్టింది.

మునసబు "కుంయ్" అంది. కరవలేదు. తల తెచ్చి ఆవిడ మోకాలి మీద పెట్టుకుంది.

"ఎన్ని బిందెలు పోశాన్రా నీ నెత్తిన," అంది వీరాయమ్మ. "ఒక్కసారి నోరు చూళ్ళేదు."

ఆవిడ ఇంక ఆగలేదు. మునసబుని పాత చీరలో చుట్టి భుజానేసుకుని రేవుకెళ్ళి పడవెక్కింది. అది చూసి మంగాయమ్మ గట్టుమీంచి అరిచింది. "అక్కా, గురువారం అంటే బుధవారమే తీసుకెళ్ళిపోతున్నావా? కాస్త తిండి మూట కట్టాల్సింది కదే, పాపం!" అప్పటిదాకా పంపెయ్యమన్న మనిషికి పాపం అనిపించింది చూశారా! మనుషులు నాకెప్పటికీ అర్థం కారు.

అవతల రేవుకి దగ్గర్లో పశువుల ఆసుపత్రి ఉంది. అక్కడి డాక్టరుగారు మునసబు నోరు చూశారు, చెవి చూశారు.

"కంపు ఒంటి మీదది కాదమ్మా," అన్నారు. "పన్ను పుచ్చింది. చెవికి చీము పట్టింది. మీరు నెత్తిమీంచి పోసిన నీళ్ళు చెవిలోకి పోయి, ఆరక, దాన్ని ఇంకా పెంచాయి."

"అంటే నేను కడిగేకొద్దీ…" అని వీరాయమ్మ మునసబు తల నిమిరింది.

డాక్టరుగారు మత్తిచ్చి ఆ పన్ను తీశారు. చెవి శుభ్రం చేసి చుక్కల మందిచ్చారు. ఊరికే స్నానాలు పోయొద్దనీ, పోసినప్పుడు చెవుల్లోకి నీళ్ళు పోనివ్వొద్దనీ, ఒళ్ళు పొడిగుడ్డతో తుడవమనీ, మెత్తటి అన్నం పెట్టమనీ చెప్పారు.

మర్నాడు, అంటే ఆ గురువారమే, పడవ తిరిగొచ్చింది. అందులోంచి వీరాయమ్మ దిగింది. ఆవిడ చంకలో మునసబు!

"దింపేసి వస్తావనుకుంటే ఎత్తుకొచ్చావేంటక్కా!" అంది మంగాయమ్మ, నోరు తెరిచి.

"ఇలా రా. వాసన చూడు."

మంగాయమ్మ వంగి చూసింది. మళ్ళీ చూసింది. "ఆ కంపు లేదు గానీ, ఏదో కొంచెం…"

"అది ముసలి కుక్క వాసన మంగా. ముసలి కుక్క దగ్గర అదే వస్తుంది. మనిద్దరి దగ్గరా మల్లెపూల వాసన వస్తోందా ఏంటి?"

ఆడవాళ్ళంతా ఘొల్లుమని నవ్వారు. మంగాయమ్మ మూతి ముడిచింది. తర్వాత వెళ్ళి గంజన్నం తెచ్చి, మెత్తగా మెదిపి మునసబు ముందు పెట్టింది. చాపల మీదికి వాసన రాకుండా, గాలి పోయే వైపున దాని గోనెపట్టా తనే పరిచింది. మర్నాటినుంచి ఆ వాకిట్లోనే రసం పోశారు.

చెవిలో చుక్కలు వేస్తున్నప్పుడల్లా వీరాయమ్మ మునసబుని అడిగేది. "ఎన్నాళ్ళ నుంచి నొప్పిరా నీకు? పండక్కి ముందునించా? చలికాలం నించా? మరి రోజూ తోకెందుకు ఊపావు?" అది మళ్ళీ తోకే ఊపేది. ఆవిడకి చివరిదాకా తెలీలేదు. నాకూ తెలీదు. నన్నడక్కండి.

ఇంక కళ్ళు మూయండి. మూసేముందు ఒక్క మాట. ఎక్కడైనా సరే, ఎవరైనా సరే, "ఈ ముసలి కుక్క కంపు కొడుతోంది, తోలెయ్యండి" అన్నారనుకోండి, ఊరుకోవద్దు. "నోరు చూశారా? చెవి చూశారా? డాక్టరుకి చూపించారా?" అని అడగండి. పెద్దవాళ్ళయినా అడగండి. మీ తాతయ్యైనా అడగండి. జవాబు చెప్పేదాకా అక్కణ్ణించి కదలకండి.

కథేమో కంచి పడవెక్కింది,
నిద్రేమో కంటి రెప్పెక్కింది.
పొద్దెక్కగానే లేవండి,
ముక్కు మూయకుండా చూడండి!