మువ్వ నిలబడిన చోటు

ఎర్రబోడు అడవిలో పెద్ద చెట్లు తక్కువ, గడ్డి ఎక్కువ. ఎటు చూసినా నడుము లోతు బోద గడ్డి, మధ్య మధ్య రేగు పొదలు, బలుసు కంపలు. ఆ గడ్డిలో కుందేళ్ళు, ఉడుములు, ముంగిసలు కాపురం ఉండేవి. అన్నిటికంటే ఎక్కువగా ఉండేవి కౌజు పిట్టలు. కౌజు పిట్టది మట్టి రంగు. అది నేలకు కరుచుకుని కదలకుండా పడుకుంటే, కాలి పక్కనే ఉన్నా కంటికి ఆనదు.

అడవి అంచున ఓబులేసు అనే వేటగాడి గుడిసె ఉంది. అతని దగ్గర తుపాకి లేదు, వల ఉంది. వల కంటే విలువైన గోధుమ ఉంది. గోధుమ ముసలి వేటకుక్క. గడ్డిలో పిట్టలు ఎక్కడున్నాయో వాసనతో పసిగట్టి, ముందు కాలు ఒకటి ఎత్తి, రాయిలా నిలబడిపోయేది. కుక్క కదలనంత సేపూ పిట్టలు కూడా కదలకుండా నక్కి ఉంటాయి. అప్పుడు ఓబులేసు పిల్లిలా నడిచి వచ్చి వల విసిరేవాడు.

కానీ గోధుమకు వయసు మీద పడింది. వెనక కాళ్ళు పట్టేశాయి. గుట్ట ఎక్కితే దిగలేకపోతోంది. ఓబులేసు ఒక్కడే వేటకు వెళ్ళి, ఖాళీ బుట్టతో తిరిగి వస్తున్నాడు. అతని పొయ్యి మీద సంకటి ఉడికితేనే కుక్కలకు కూడా సంకటి.

ఒక సాయంత్రం అతను గోధుమ తల నిమిరి అన్నాడు. "ఎండలు ముదిరేలోగా ఇంకో కుక్క చేతికి అందాలి గోధుమా. లేకపోతే వల అటక మీద పెట్టేసి, మనం ఈ అడవి వదిలి కూలికి పోవాల్సిందే."

ఆ మాట గోధుమ మనవరాలు మువ్వ చెవిన పడింది. మువ్వ ఇంకా పాలపళ్ళు ఊడుతున్న కూన. చెవులు తల కంటే పెద్దవి. అడవి వదలడమంటే ఏమిటో దానికి సరిగా తెలియదు. కానీ ఆ రోజు అవ్వ సంకటి ముట్టుకోలేదు. అది మాత్రం మువ్వకు అర్థమైంది.

ఆ గుడిసెలోనే డమరు అని మరో కుక్క ఉండేవాడు. మువ్వ కంటే ఏడాది పెద్ద. ఎర్రగా, పొడుగ్గా, గాలిలా పరిగెత్తేవాడు. గోధుమ నేర్పబోతే ఏనాడూ ఒక చోట నిలవలేదు.

"కూనకు వేట నేర్పడానికి ఇంత ఆలోచన ఎందుకు?" అన్నాడు డమరు. "ఒక్క పొద్దులో నేర్పేస్తాను. రావే మువ్వా!"

మువ్వ సంబరంగా వెంట పడింది. డమరు దాన్ని తిన్నగా ఒక దట్టమైన గడ్డి దుబ్బు దగ్గరికి తీసుకుపోయాడు. "దూకు!" అన్నాడు. మువ్వ దూకింది.

దాని మూతి కింద నుంచే కౌజుల గుంపు బుర్రున లేచింది. రెక్కలు ముఖానికి కొట్టుకున్నాయి. దుమ్ము కళ్ళల్లో పడింది. మువ్వ కుయ్యోమంటూ ఇంటిదారి పట్టి, గుడిసెలో గంప వెనక దూరింది. ఎంత పిలిచినా బయటికి రాలేదు.

డమరు పడీ పడీ నవ్వాడు. "ఇది వేటకుక్క కాదు, పెరట్లో కోడిపిల్ల!"

గోధుమ నవ్వలేదు. మెల్లగా వచ్చి గంప పక్కన పడుకుంది.

"భయం వేసిందా తల్లీ?"

"ఆ చప్పుడు అవ్వా! ఇక నేను గడ్డి వైపే రాను."

"నీ తప్పు లేదమ్మా. చివర చూడాల్సింది నీకు మొదట చూపించాడు వాడు. రేపు మనం పిచ్చుకల దగ్గరికి పోదాం."

మర్నాడు గోధుమ మువ్వను కళ్ళం దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ పిచ్చుకలు గింజలు ఏరుకుంటున్నాయి. అవ్వా మనవరాలూ దూరంగా కూర్చున్నారు. పిచ్చుకలు లేచినప్పుడల్లా మువ్వ ఉలిక్కిపడేది. గోధుమ మాత్రం ఏమీ జరగనట్టు ఆవలించేది. అవ్వకు లేని భయం తనకెందుకని మువ్వ ఆలోచించింది. కొన్నాళ్ళకు పిచ్చుకలు లేచినా దాని చెవి కూడా కదలడం మానేసింది. తర్వాత గువ్వల దగ్గరికి వెళ్ళారు. వాటి రెక్కల చప్పుడు ఇంకాస్త పెద్దది. మువ్వ దానికీ అలవాటు పడింది.

"పిచ్చుకల్ని చూస్తూ కూర్చోవడం కూడా వేటేనా?" అని డమరు దారిన పోతూ ఎగతాళి చేసేవాడు.

అసలు పాఠం ఆ తర్వాత మొదలైంది. గోధుమ ఒక కౌజు ఈకను గడ్డిలో దాచి, మువ్వ చేత వెతికించేది. దొరికాక పట్టుకోనిచ్చేది కాదు.

"నిలబడు."

"ఎంతసేపు అవ్వా?"

"నేను చాలు అనేదాకా."

మువ్వకు ఒళ్ళంతా జిలపుట్టేది. తోక ఆగేది కాదు. ఒకటి రెండు సార్లు ఆగలేక ఈకను నోట కరుచుకుంది కూడా. గోధుమ తిట్టలేదు. ఈకను తీసుకుని మళ్ళీ మొదటి నుంచి దాచింది. చేసిందే చేయగా ఒక ఉదయం మువ్వ కాలెత్తి నిలబడింది. తోక కూడా కదల్లేదు. గోధుమ కళ్ళు చెమర్చాయి. "చాలమ్మా" అంది.

వేట రోజు రానే వచ్చింది. ఓబులేసు వల భుజాన వేసుకుని మువ్వను పిలిచాడు. పిలవకపోయినా డమరు కూడా బయలుదేరాడు. గోధుమ గుమ్మంలోనే ఉండిపోయింది.

గడ్డిలో అడుగు పెట్టగానే మువ్వ ముక్కుకు వాసన తగిలింది. గాలికి ఎదురుగా నాలుగు అడుగులు వేసి నిలబడిపోయింది. ఓబులేసు వల సవరించుకున్నాడు. అంతలో వెనక నుంచి డమరు దూసుకొచ్చాడు. పిట్టలన్నీ బుర్రున లేచిపోయాయి.

"ఛీ! చేతిలోకి వచ్చినవి పోయాయి కదరా!" అని ఓబులేసు కేకలు వేశాడు.

"అది నిలబడి నిద్రపోతుంటే నేనేం చేయను?" అని డమరు గొణిగాడు.

మువ్వకు ఏడుపొచ్చింది. అయినా ముక్కు నేలకు ఆనించి ముందుకు నడిచింది. కాస్త దూరంలో మళ్ళీ వాసన. ఈసారి పిట్ట కంటికే కనబడింది. ఒక ఆడ కౌజు రెక్క విరిగినదానిలా ఈడ్చుకుంటూ, కుంటుతూ వాళ్ళ ముందే పడుతూ లేస్తూ పోతోంది.

"చూశావా! దీనికి వల కూడా అక్కర్లేదు!" అని డమరు లంఘించాడు. పిట్ట మూరెడు దూరం ఎగిరి మళ్ళీ పడింది. డమరు మళ్ళీ దూకాడు. అది మళ్ళీ అందినట్టే అంది తప్పించుకుంది. అలా అలా ఇద్దరూ గుట్ట అవతలికి పోయారు.

మువ్వ కాళ్ళు కూడా పరుగుకు లేచాయి. కానీ ముక్కు ఒప్పుకోలేదు. వాసన ఆ కుంటుతూ పోయిన పిట్ట వైపు నుంచి కాదు, కాళ్ళ దగ్గర నుంచే చిక్కగా వస్తోంది. మువ్వ ఎక్కడిదక్కడ నిలబడిపోయింది.

ఓబులేసు వచ్చి గడ్డి పక్కకు తీసి చూశాడు. గడ్డి పరకల మధ్య ఉసిరికాయలంత కౌజు పిల్లలు, ఊపిరి బిగబట్టి పడుకుని ఉన్నాయి.

"ఆహా! తల్లి కుంటినట్టు నటించి వాడిని దూరంగా లాక్కెళ్ళిందన్నమాట" అని ఓబులేసు నవ్వాడు. వల వెనక్కి తీసుకున్నాడు. "పిల్లల్ని పట్టుకుంటే వచ్చే ఏడు మనకు పిట్టలెక్కడివి? పద మువ్వా."

మువ్వ ఒక్క పిల్లను కూడా తొక్కకుండా వెనక్కి జరిగింది.

రేగు పొదల దగ్గర అది మూడోసారి నిలబడింది. ఈసారి అడ్డొచ్చేవాళ్ళు లేరు. వల గాలిలో విచ్చుకుని పడింది. దాని కింద కౌజుల గుంపు గుంపంతా టపటపా కొట్టుకుంది. చెవుల పక్కనే అంత చప్పుడవుతున్నా మువ్వ అడుగు కదపలేదు. ఓబులేసు దాన్ని ఎత్తి గుండెకు హత్తుకున్నాడు. చాలా రోజుల తర్వాత బుట్ట బరువెక్కింది.

ఇంటికి పోదామంటే డమరు లేడు. ఓబులేసు ఈల వేశాడు. పేరు పెట్టి పిలిచాడు. జవాబు లేదు.

మువ్వ డమరు వాసన పట్టుకుని గుట్ట దాటింది. అక్కడ ఎప్పుడో రాళ్ళ కోసం తవ్వి వదిలేసిన గుంత ఉంది. గడ్డి పెరిగి పైకి కనబడదు. మువ్వ దాని అంచున కాలెత్తి నిలబడింది. ఏది దొరికినా నిలబడాలన్నదే దానికి తెలుసు మరి.

ఓబులేసు అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. వల విప్పి, విసరబోయి, లోపలికి తొంగి చూశాడు.

"ఓరి నీ దుంప తెగ! ఈ కౌజు బాగా బలిసిందే!"

గుంత అడుగున డమరు ఉన్నాడు. పిట్ట వెంట పడి కన్ను మిన్ను కానక అందులో పడ్డాడు. ముందు కాలు బెణికింది. ఒళ్ళంతా బలుసు ముళ్ళు. పిలుపులన్నీ వినబడుతూనే ఉన్నా, కూనకు దొరికిపోతాననే సిగ్గుతో నోరు విప్పలేదు.

ఓబులేసు వలను గుంతలోకి జారవిడిచాడు. డమరు అందులో ముడుచుకుని కూర్చుంటే, బరువుకు ఆయాసపడుతూ పైకి లాగాడు. వలలోంచి బయటపడ్డ డమరు ఎదురుగా మువ్వ నిలబడి ఉంది. నవ్వుతుందనుకున్నాడు. మువ్వ నవ్వలేదు. అతని కాలికి గుచ్చుకున్న ముల్లును పళ్ళతో పట్టి లాగింది.

"నొప్పిగా ఉందా అన్నా?"

డమరు తల దించుకున్నాడు. "కాలి నొప్పి తగ్గుతుందిలే. ఈ పొద్దు నీ వేట చెడగొట్టింది నేనే మువ్వా. నీ నిద్ర కాదు."

గుడిసెలో పొయ్యి వెలిగింది. గోధుమ కడుపునిండా తింది. అడవి వదిలే మాట ఓబులేసు మళ్ళీ ఎత్తలేదు.

డమరు కాలు బాగయ్యాక ముగ్గురూ మళ్ళీ వేటకు వెళ్ళారు. ముందు మువ్వ, వెనక డమరు. గడ్డిలో మువ్వ కాలెత్తి ఆగింది. డమరు ఒళ్ళంతా వణికింది. పరిగెత్తాలని ప్రాణం లాగింది. పళ్ళు బిగించి, ఉన్నచోటనే నిలబడ్డాడు. వాళ్ళిద్దరి పక్కనుంచి ఓబులేసు వల పట్టుకుని చప్పుడు లేకుండా ముందుకు నడిచాడు.

నీతి: పరిగెత్తే వేగం పుట్టుకతో వస్తుంది; నిలబడాల్సిన చోట నిలబడడం మాత్రం ఓపికగా నేర్చుకున్నవారికే వస్తుంది.