వెదురుపొదలో కోడికూత

శరభయ్య గారిని ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ఏదో ఒక పని పురమాయిస్తారు. అది చేసి వచ్చేసరికి అడిగినవాడికి తన ప్రశ్న మీదే అనుమానం పుడుతుంది. మన్యం కొండల కింద ఆయన ఆశ్రమంలో ఇలా బుర్ర గోక్కుంటూ తిరిగేవాళ్లు చాలామందే ఉండేవారు.

వాళ్లలో అప్పలసూరి ఒకడు. పెళ్లాన్నీ చంటిబిడ్డనీ ఊళ్లో వదిలి వచ్చాడు. గురువు ఇవ్వకుండానే కావిగుడ్డ తనే చుట్టేసుకున్నాడు, అంత తొందర మరి. ఆ పొద్దున భార్య పైడమ్మ బిడ్డనెత్తుకుని వచ్చి ఆశ్రమం అరుగు మీద కూర్చుంది. మొగుడు ఇంటికి వస్తాడో రాడో తేల్చుకునే పోయేలా ఉంది. ఆమె నోరు తెరిచేలోగానే సూరి అందుకున్నాడు. తాను రాననీ, ఇది దేవుడి ఆజ్ఞ అనీ, బిడ్డను ఆమె పుట్టింటివాళ్లు పెంచుతారనీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. చెప్పాడన్న మాటే గాని మనసు కుదురుగా లేదు. గురువు దగ్గరికి పరుగెత్తాడు.

"అయ్యగారూ, ధ్యానంలో నేను పిలిచినప్పుడల్లా లోపల్నుంచి ఒక గొంతు పలుకుతోంది. అన్నీ వదిలి రమ్మంటోంది. అది దేవుడిదేనా?"

శరభయ్య గారు ఎదురుగా ఉన్న వెదురుపొదలు చూపించి, అందులో అడవికోడి ఎక్కడుందో కనుక్కుని రమ్మన్నారు. పట్టొద్దు, చోటు చెబితే చాలన్నారు.

సూరికి అది చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్యే. కొండ కింది ఊళ్లవాళ్లు దోసిలి నోటికి అడ్డంపెట్టి పుంజులా కూస్తారు. తన చోటులోకి ఇంకో పుంజు వచ్చిందని అసలుది ఉడుక్కుని తిరిగి కూస్తుంది. ఆ కూతను పట్టుకుని పోవాలి.

పొదలోకి దూరేసరికి ఎక్కడో ఒక కూత వినిపించింది. సూరి బదులు కూశాడు. మళ్లీ జవాబు వచ్చింది. కుడివైపని నడిస్తే ఎడమవైపు నుంచి వినబడింది. కొండ కూడా తిరిగి పలుకుతుంటే ముందేదో వెనకేదో తెలియక సూరికి తల తిరిగిపోయింది. అయినా తను కూస్తే అది కూస్తోంది, తను ఆగితే ఆగుతోంది, పైగా దగ్గరవుతోంది. ఇంత మర్యాదైన పుంజును పుట్టి బుద్ధెరిగి చూడలేదని మురిసిపోయి, వంగి ఆకులు తప్పించాడు.

ఎదురుగా ఎక్కుపెట్టిన విల్లు. దాని వెనక కొండమీది గూడెం సోమన్న కొయ్యబారి నిలబడి ఉన్నాడు.

"నువ్వేటి బావూ? ఆకుల్లో ఎర్రగా కదిల్తే కోడి రెక్కనుకున్నాను" అంటూ విల్లు దించి కూలబడ్డాడు. సూరి తన కావిగుడ్డ వంక చూసుకున్నాడు.

కాస్త తేరుకున్నాక ఇద్దరికీ పేచీ వచ్చింది. నువ్వు కూశావనే నేను కూశానని సూరి అన్నాడు. కాదు, ముందు కూసింది నువ్వే, నేను బదులే కూశానని సోమన్న బిడ్డల మీద ఒట్టేశాడు. మరి ఆ మొదటి కూత ఎవరిది? ఇద్దరూ కలిసి పొదంతా గాలించారు. ఒక్క ఈక కూడా దొరకలేదు.

సూరి తిరిగొచ్చి జరిగిందంతా చెప్పాడు. ఇంతకీ అందులో కోడి ఉన్నట్టా లేనట్టా అని అడిగాడు.

"ఉందేమో. మీరిద్దరూ అలా కూసుకుంటూ ఉంటే అది నోరెందుకు విప్పుతుంది?" అన్నారు శరభయ్య గారు.

సూరికి ఉన్న మతి కాస్తా పోయింది. మరి తన లోపలి గొంతు సంగతేమిటని, పైడమ్మకు ఇప్పుడేం చెప్పమంటారని దాదాపు ఏడుస్తూ అడిగాడు. గురువు అరుగు వైపు చూశారు. బిడ్డ ఆమె ఒళ్లో నిద్రపోయింది.

"పైడమ్మ వచ్చి ఒక పూటయింది. ఇంతవరకు ఆమె నోట ఒక్క మాట వినలేదు. వెళ్లి ఎదురుగా కూర్చో నాయనా. నువ్వేమీ చెప్పకు."