అరవై మూడో నామం

మూడో రోజు కూడా వకుళ అరవై మూడో నామం దగ్గరే ఆగిపోయింది.

ఆ కొండమీది ఆశ్రమంలో రోజూ సాయంత్రం నూట ఎనిమిది నామాలు చదువుతారు. పుస్తకం చూడకూడదు. నామానికో గంట కొట్టాలి. తడబడినవాళ్లు గంటను పక్కవాళ్ల చేతికిచ్చి ఊరుకోవాలి. ఈ మూడు రోజులు తప్ప, ముప్పై ఏళ్లలో వకుళ దాన్ని ఒక్కరికీ ఇచ్చి ఎరగదు.

"ఇటివ్వండి పెద్దమ్మా. ఇన్నేళ్లూ మోశారు, చెయ్యి నొప్పెట్టి ఉంటుంది," అంది పక్కనున్న కౌముది నవ్వుతూ. ఆమెకి పాతికేళ్లు.

మర్నాడు పొద్దున్నే వకుళ ఆ గంట తీసుకుని గురువమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ కట్టెల పాక ముందు కూర్చుని రంపం పళ్లు నిప్పుల మీద కాస్తోంది. తెగులు తగిలిన చెట్టును కోసిన రంపాన్ని కాచకుండా ఇంకో చెట్టు మీద పెట్టరక్కడ.

"ఇది కౌముదికిచ్చేయండమ్మా. నాకు మరుపు పట్టింది. ఇవాళ ఒకటి పోయింది, రేపు వరసగా అన్నీ పోతాయి. అదిగో, ఆ చెట్టులాగే."

వాకిట్లో రెండు ఓక్ చెట్లు ఉన్నాయి. రెండూ వేరు వేరు జాతులు. మూడేళ్ల కిందటి వేసవిలో కొండకి ఎండు తెగులు వచ్చింది. కంటికి కనపడని బూజు నీళ్లు ఎక్కే దారులవెంటే ఎక్కి, ఎడమవైపు చెట్టును చిటారు కొమ్మదాకా ముంచేసింది. నెల తిరక్కుండా చెట్టంతా ఎండిపోయింది. కుడివైపుది పచ్చగా నిలబడింది.

"మరి దాని సంగతేమిటి?" అంది గురువమ్మ.

"దానిది గట్టి జాతి. తెగులు దాని జోలికి పోలేదు."

"పోలేదని నీతో చెప్పిందా?"

వకుళకి ఒళ్లు మండింది. "మీకు నవ్వులాటగా ఉందమ్మా. రేపు మీ పేరు కూడా మర్చిపోతాను."

"మర్చిపోదువుగాని. ముందు ఈ రంపం రెండో చివర పట్టు."

పచ్చని చెట్టుకి కిందికి వాలిన కొమ్మ ఒకటి ఉంది. ముసలివాళ్లిద్దరూ చెరోవైపు నిలబడి లాగారు. వకుళ కోపమంతా రంపంలోకి దిగింది. కొమ్మ తొందరగానే తెగింది.

గురువమ్మ కొమ్మ తెగిన చోట అంటిన రంపపు పొట్టు కొంగుతో తుడిచింది. "బెరడు నుంచి లోపలికి లెక్కపెట్టు."

వకుళ ఏడాదికొకటిగా పడిన వలయాలను గోటితో ఒక్కొక్కటే దాటింది. ఒకటి. రెండు. మూడు. మూడూ తెల్లగా ఉన్నాయి. నాలుగోది, తెగులొచ్చిన ఏడాదిది. దాని మీద గోరు ఆగిపోయింది. ఆ వలయం పొడుగునా నల్లటి మచ్చలు.

"దీనికీ వచ్చిందా?"

"వచ్చింది. లోపలిదాకా వచ్చింది. చెట్టు ఆ నీటి దారులు మూసేసుకుంది. పైన కొత్తవి వేసుకుంది."

"మూసినవి మళ్లీ తెరుచుకుంటాయా?"

"తెరుచుకోవు," అని గురువమ్మ రంపం తీసుకుని మళ్లీ నిప్పుల దగ్గరికి వెళ్లిపోయింది. గంట సంగతి ఎత్తలేదు.

వకుళ ఆ గంట మళ్లీ చేతిలోకి తీసుకుంది.

సాయంత్రం ఆమె అరవై రెండు నామాలు చదివింది. అరవై మూడోది రాలేదు. కౌముది చెయ్యి చాచింది.

వకుళ నామం లేకుండా ఉత్త గంట ఒకటి కొట్టింది. అందరూ తలెత్తి చూశారు. గురువమ్మ మాత్రం కళ్లు తెరవలేదు.

"పెద్దమ్మా, ఒకటి పోయింది," అంది కౌముది గుసగుసగా.

"పోయింది. చెయ్యి వెనక్కి తీసుకో," అని వకుళ అరవై నాలుగో నామం అందుకుంది.