గాలి ఆగిన మధ్యాహ్నం

గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుఫాను వెళ్ళిపోయినట్టా, వెళ్ళనట్టా? చెప్పండి చూద్దాం పిల్లలూ. కేదార్ వెళ్ళిపోయినట్టే అంటున్నాడు. మందార తల అడ్డంగా ఊపుతోంది. సరే, ఎవరి జవాబు వాళ్ళు దగ్గర పెట్టుకుని కథ వినండి.

సముద్రం పక్కన సరుగుడు తోట. తోట వెనక పల్లంలో ఒక పశువుల పాక. ఆ పాకలో ఒక గేదె, ఒక కోడి, ఇంకా రెక్కలు రాని దాని పిల్లలు. పాక వెనక ఎత్తయిన దిబ్బ మీద, కప్పు పోయి గోడలు మిగిలిన పాత ఉప్పు కొట్టు.

ఆ చుట్టుపక్కల వాతావరణం చెప్పేది నక్క. పంచాయతీ ఆఫీసు కిటికీ కింద పడుకుని రేడియో వినేది కదా, అందుకని దానికంత పేరు. వాన వస్తుందా అని ఎవరడిగినా ఒకటే మాట, రావచ్చు, రాకపోవచ్చు. వస్తే చెప్పానుగా అనేది. రాకపోతే అప్పుడూ చెప్పానుగా అనేది.

కార్తీకంలో ఒక ఉదయం, తుఫాను కబురు విని, ఆ పాక తాలూకు ఇంటాయన గేదె పలుపు విప్పేసి, కోడిగూడు తలుపు తీసేసి, పిల్లాపాపలతో తుఫాను షెల్టరుకు వెళ్ళిపోయాడు. మా వైపు అలాగే చేస్తారు. కట్టేసి ఉంచితే పశువు తప్పించుకోలేదు కదా. గేదె దిబ్బ ఎక్కి గోడల మధ్య పడుకుంది. కోడి తన పిల్లల్ని గేదె పొట్ట పక్కకి తోసింది.

ఉత్తరపు గాలి సరుగుడు చెట్లను వరసగా పడగొట్టింది. మధ్యాహ్నానికి చటుక్కున ఆగిపోయింది. ఎండ కూడా కాసింది. ఎవరికీ ఏమీ తోచలేదు. ఒక పీత బొరియలోంచి బయటికొచ్చి, లోపలికి పోయి, మళ్ళీ బయటికొచ్చింది. పిల్లలు ఆకలని గోల పెడుతుంటే, దిగొచ్చా అని కోడి గేదెనడిగింది.

"నాకూ అర్థం కావడం లేదమ్మా," అంది గేదె. "ఏడ్చే పిల్ల వెక్కి వెక్కి కదా ఊరుకుంటుంది. ఈ గాలి తగ్గలేదు, తెగింది."

అంతలో నక్క వచ్చింది. తుఫాను తీరం దాటిపోయిందని రేడియోలో చెప్పారట. పాక ముందు చేపలు కుప్పలుగా పడున్నాయట. పిల్లల్ని తీసుకుని కోడి వస్తే చాలు, గేదెక్క ఇక్కడే నడుం వాల్చవచ్చునట.

కోడి ఒక అడుగు వేసి ఆగింది.

"మళ్ళీ రాదంటావా అన్నా?"

"రాదు."

"ఖాయంగా?"

"ఖాయంగా రాదు చెల్లెమ్మా."

కోడి గందరగోళం ఇంకా పెరిగింది. నెత్తిన చినుకులు పడుతున్నప్పుడు కూడా రావచ్చు అనే నక్క, అందరూ తికమకపడుతున్న ఈ రోజు ఇంత గట్టిగా ఎలా చెబుతోంది? దాని ముఖంలోకి చూసింది. నక్క కళ్ళు ఆకాశం మీద లేవు, పిల్లల మీద ఉన్నాయి.

"అయితే నువ్వు ముందు దిగన్నా. పాక దగ్గర నిలబడి పిలు. నువ్వున్నావంటే మా పిల్లలకి ధైర్యం."

కలిసి వెళ్దామని నక్క నసిగింది. ఖాయమన్నావు కదా అంది కోడి. ఇక తప్పక నక్క దిగి, పాక ముందు నిలబడి తీయగా పిలవసాగింది.

ఇక్కడ ఒక సంగతి. బకెట్లో నీళ్ళు చేత్తో గిరగిరా తిప్పితే మధ్యలో గుంట పడుతుంది, చూశారా? తుఫానుకూ నడుమ అలాంటి చోటు ఉంటుంది. అక్కడ గాలి ఉండదు. అది మన మీదుగా దాటిపోగానే, తుఫాను రెండో సగం ఎదురు దిక్కునుంచి విరుచుకుపడుతుంది.

అలాగే దక్షిణపు గాలి లేచింది, సముద్రాన్ని వెంటేసుకుని. పాక కొట్టుకుపోయింది. నీళ్ళు నక్కను ఎత్తుకెళ్ళి మొగలి పొదలో పడేశాయి. ముళ్ళలో చిక్కుకుని చీకటిపడేదాకా అక్కడే వేలాడింది. గేదె పొట్ట పక్కనుంచి కోడి తన పిల్లల్ని ఒకటికి రెండుసార్లు చూసుకుంది. జరిగిందేమిటో దానికింకా అర్థం కాలేదు, కానీ అందరూ ఉన్నారు.

తెలియదన్నవాడి మాట వినండి పిల్లలూ, తన ఆకలి కోసం ఖాయమన్నవాణ్ణి మాత్రం ముందు నడవమనండి.

ఇక లేస్తాను. చేటలో కందిపప్పు సగమే ఏరాను.