పశువుల పాకలో వెలుగు

మునీర్‌కి కళ్ళు చెమర్చవు. అదీ అతని బాధ.

సాయంత్రం నమాజు అయ్యాక ఖలీల్ బాబా కుంపటి ముందు కూర్చుని దైవనామం అందుకుంటే, పక్కనే ఉన్న తోటి శిష్యుడు సత్తార్ గొంతు కాసేపటికే పూడుకుపోయేది. కన్నీళ్ళు బుగ్గల మీంచి జారి గడ్డంలో ఇంకిపోయేవి. మునీర్ కూడా అదే నామం, అదే శ్రుతిలో, అంతే శ్రద్ధగా పలికేవాడు. లోపల మాత్రం ఏదీ కదిలేది కాదు. ఎండిపోయిన బావిలో చేద వేసి లాగుతున్నట్టు ఉండేది.

వాళ్ళుండే చోటు మంచుకొండల నడుమ, ఒక లోయ కొసన ఉంది. కింది ఊళ్ళవాళ్ళు దాన్ని ఫకీరు ఇల్లు అనేవారు. ఇంటి ముందు చారెడు బార్లీ చేను, టర్నిప్ మళ్ళు, కొన్ని అక్రోటు చెట్లు. ఇంటి వెనక దుంగల మీద దుంగలు పేర్చి కట్టిన పశువుల పాక. అందులో ఒక ఆవు, గొర్రెల మంద, కుంటి కంచరగాడిద ఒకటి. ఆవు ఆ యేడు వేళ తప్పి ఈనింది. వసంతంలో పుట్టాల్సిన దూడ ఆకులు రాలే కాలంలో పుట్టింది. కాళ్ళు ఇంకా తడబడుతూనే ఉన్నాయి.

ఒకరోజు పొద్దున మునీర్ ఉండబట్టలేక బాబా దగ్గరికి వెళ్ళాడు. అక్రోటు చెట్టు కింద కూర్చుని కాయల పైతొక్క వలుస్తున్న బాబా చేతులు నల్లగా కర పట్టి ఉన్నాయి. మునీర్ తన సంగతంతా చెప్పుకున్నాడు. ఇల్లు వదిలి వచ్చాననీ, చెప్పిన పనల్లా చేస్తున్నాననీ, అయినా తన గుండె రాయిలా ఉందనీ, తనలో ఏదో లోపం ఉందేమోననీ అన్నాడు.

బాబా అంతా విని, కొండ వైపు చూశాడు. పైన మేపుకునే కాపరులు ఈసారి ముందే మందలు దించుకుని వెళ్ళిపోయారనీ, కొండ పావురాలు కూడా దిగి వచ్చేశాయనీ, ఈ చలికాలం మామూలుగా ఉండదనీ చెప్పాడు. గడ్డీ కట్టెలూ సత్తార్ చూసుకుంటాడు. పాక గోడల్లో దుంగల మధ్య మట్టి రాలిపోయింది. ఆ సందులు పూడ్చే పని మునీర్‌ది.

మునీర్ ముఖం చిన్నబోయింది. తను అడిగిందేమిటి, ఈయన చెప్పేదేమిటి అనుకున్నాడు.

"సందులు బయట నుంచి కనపడవు," అన్నాడు బాబా. "పశువులు మేతకు పోయినప్పుడు లోపలికి వెళ్ళి తలుపు వేసుకో. కదలకుండా కూర్చో. అవే కనపడతాయి."

మర్నాడు మునీర్ బంకమట్టిలో పేడా తరిగిన గడ్డీ కలిపి తొక్కి, బక్కెట్‌లో నింపుకుని పాకలోకి వెళ్ళాడు. తలుపు వేసి, మూలన ఎండుగడ్డి మీద కూర్చున్నాడు.

మొదట అంతా చీకటి. పశువుల వాసన, గడ్డి వాసన, తడిసి ఆరిన చెక్క వాసన. తర్వాత, ఎవరో ఒక్కొక్కటే దారం లాగుతున్నట్టు, గోడల్లోంచి వెలుగు సన్నని పోగులుగా రావడం మొదలైంది. ఒకటి పైకప్పు దగ్గర, ఒకటి నీళ్ళ తొట్టి పక్కన, ఇంకొకటి తలుపు అంచున. చూస్తూ ఉండగా పాకంతా వెలుగు పోగులే. వాటిలో గడ్డి నుసి మెల్లగా తేలుతోంది, బంగారు రజను నీళ్ళలో మునుగుతున్నట్టు. ఒక పోగులోంచి ఇంకో పోగులోకి పోతూ అది మధ్య చీకట్లో మాయమై, మళ్ళీ పుడుతోంది. బయట ఎక్కడో దూరంగా గొర్రె మెడలో గంట మోగింది. ఆ మోత కూడా నుసితో పాటు తేలుతూ వచ్చి వెలుగులో వాలినట్టు తోచింది.

తూర్పు గోడలో అన్నిటికన్నా పెద్ద సందు ఉంది. పొద్దు కొంచెం పైకెక్కేసరికి అందులోంచి అరచేతి వెడల్పున వెలుగు వచ్చి సరిగ్గా మునీర్ గుండె మీద పడింది.

అతను ఊపిరి బిగబట్టాడు. ఆ వెలుగు తనను వెతుక్కుంటూ వచ్చిందనిపించింది. ఎండిన బావి అడుగున ఏదో చెమర్చింది. పెదవులు వాటంతటవే నామం పలికాయి. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోయాయి. ఎంతసేపు అలా ఉన్నాడో తెలియదు. తేరుకునేసరికి వెలుగు గోడ మీదికి పాకిపోయింది, బక్కెట్‌లో మట్టి పెచ్చు కట్టింది.

మళ్ళీ నీళ్ళు పోసి మట్టి తడిపి, మిగతా మూడు వైపులా సందులు పూడ్చాడు. తూర్పు గోడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. ఆ వెలుగు ముఖాన ఇంత మట్టి కొట్టడం పాపమనిపించింది. రేపు చూద్దాంలే అనుకున్నాడు.

రేపు కూడా వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. పశువులు అటు పోగానే ఇటు పాకలో చేరి, గడ్డి సర్దుకుని, వెలుగు వచ్చే వేళకు ఆ చోట సిద్ధంగా కూర్చునేవాడు. అది వచ్చేది. అతను కరిగిపోయేవాడు. పని ఎంతవరకు వచ్చిందని సత్తార్ అడిగితే, కొంచెమే మిగిలిందని చెప్పేవాడు.

సత్తార్‌కి ఆరా తీసే తీరిక లేదు. ఎండుగడ్డి మంచు కింద కూరుకుపోకుండా కట్టలు కట్టి చెట్ల పంగల్లో ఎక్కిస్తున్నాడు. పాక కప్పు మంచు బరువుకి కుంగకుండా దూలం కింద గుంజలు నిలబెడుతున్నాడు. టర్నిప్ చక్రాలు దండలు గుచ్చి చూరుకి వేలాడదీస్తున్నాడు. ఒకరోజు పాలు పితికి వస్తూ మాత్రం, దూడ సరిగ్గా కుడవడం లేదు, దగ్గుతోంది అన్నాడు. మునీర్ విన్నాడు. కానీ ఆ మాట అతని చెవి దాకా వచ్చి ఆగిపోయింది. అతని మనసు మరుసటి పొద్దు మీద ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం గాలి మారింది. ఇన్నాళ్ళూ పడమటి నుంచి వీచే గాలి, కొండ మీది మంచును ఒరుసుకుంటూ తూర్పు నుంచి దిగింది. ఆకాశం పాత కంబళి రంగులోకి తిరిగింది. సాయంత్రం పశువులు పాకలో చేరాక, మునీర్ ఇక దాచుకోలేక బాబా ముందు కూర్చున్నాడు. తనకు జరిగిందంతా చెప్పాడు. వెలుగు తన గుండెను తాకిన సంగతి, రోజూ తనను వెతుక్కుంటూ వస్తున్న సంగతి. చెబుతుంటే గొంతు వణికింది. ఆ వణుకులో, తనకే తెలియని ఒక గర్వం కూడా ఉంది. సత్తార్ అక్కడే ఉన్నాడు. అతను వింటున్నాడా లేదా అని మునీర్ ఓరగా చూశాడు.

బాబా కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత కర్ర అందుకుని లేచాడు.

"ఆ చోటు నాకూ చూపించు," అన్నాడు.

మునీర్‌కి ఒళ్ళు పులకరించింది. ఇంత పెద్దాయన తనను అడగడం. దీపం పట్టుకుని ముందు నడిచాడు. పాక తలుపు తీయగానే పశువుల ఊపిరి ఆవిరిలా ముఖానికి తగిలింది. గొర్రెలన్నీ ఎదురు గోడ వైపు ఒకదాని మీద ఒకటి పడి ఒదుక్కుని ఉన్నాయి. తూర్పు గోడ పక్కన మాత్రం ఖాళీ. అక్కడ, మునీర్ రోజూ సర్దుకుని కూర్చున్న మెత్తటి గడ్డి గుంటలో, దూడ ముడుచుకుని పడుకుని ఉంది.

"ఇక్కడే, బాబా," అన్నాడు మునీర్. దీపం ఆ గోడ వైపు ఎత్తాడు.

ఇప్పుడు ఆ సందులో వెలుగు లేదు. గాలి ఉంది. సన్నగా, ఎడతెగకుండా, ఈల వేస్తూ వచ్చి దూడ పక్కటెముకల మీద పడుతోంది. దూడ ఒంటి మీది వెంట్రుకలు ఆ గాలికి పాయలు తీసినట్టు విడిపోయి వణుకుతున్నాయి.

బాబా దూడ పక్కన కూర్చున్నాడు. గాలికి ఎదురుగా తన అరచెయ్యి పెట్టి చూశాడు. ఆ తర్వాత ఒంటి మీద ఉన్న ఉన్ని అంగీ విప్పాడు. ఎన్నో అతుకులున్న అంగీ. ఆయనకు ఉన్నది అదొక్కటే. దాన్ని మడిచి, ఆ సందులోకి బొటనవేలితో కూరడం మొదలుపెట్టాడు. తొందరేమీ లేదు. కొస నుంచి కొసకి, పసిపిల్ల చెవికి దూది పెట్టినంత మెల్లగా. ఈల ఆగిపోయింది.

లేచి నిలబడ్డాడు. పలచని చొక్కాలోంచి ఆయన భుజం ఎముకలు కనపడుతున్నాయి.

"నువ్వు లేచి వచ్చేశాక," అన్నాడు, "ఇక్కడ పడుకునేది ఇదే కదా."

అంతే. కర్ర పొడుచుకుంటూ ఆ చలిగాలిలో ఇంటి వైపు వెళ్ళిపోయాడు.

మునీర్ వెనకే వెళ్ళలేదు. దీపం మేకుకి తగిలించి దూడ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. దాని చెవులు పట్టుకుంటే మంచుముక్కల్లా ఉన్నాయి. ఊపిరి గరగరలాడుతోంది. కాసేపటికి సత్తార్ వచ్చాడు. ఒక కుండెడు వేడినీళ్ళు తెచ్చాడు. ఆ నీళ్ళతోనే మునీర్ మట్టి తొక్కాడు. అంగీ తీసి దూడ మీద కప్పి, తూర్పు గోడ పొడుగునా సందులు పూడ్చాడు. చిన్నవీ పెద్దవీ చూడలేదు. కంటికి ఆననివి చెంప ఆనించి వెతికాడు. చెంపకు చల్లగా తగిలిన చోటల్లా వేలితో మట్టి కూరాడు. వేళ్ళు చిట్లి మట్టి ఎర్రబడితే ఆ మట్టే మెత్తాడు.

తెల్లవారకముందే మంచు మొదలైంది. ఆ లోయలో పెద్దవాళ్ళకు కూడా గుర్తులేనంత మంచు. చేను పోయింది, కంచె పోయింది, అక్రోటు చెట్లు నడుం దాకా పోయాయి. పాక మీద మంచు ఎక్కి ఎక్కి అది కొండలో ఒక గుట్టలా కలిసిపోయింది. ఇంటి నుంచి పాక దాకా సత్తార్ పారతో దారి తవ్వడం, వెనక అది పూడిపోవడం. బాబా సత్తార్ దుప్పటి కప్పుకుని కుంపటి దగ్గర కూర్చునేవాడట. అంగీ తిరిగి పంపితే, అది ఇప్పుడు దూడదని చెప్పి వెనక్కి పంపించాడు.

మునీర్ పాకలోంచి కదల్లేదు. లోపల ఒక్క పోగు వెలుగు లేదు. పగలో రాత్రో తెలియదు. చీకట్లో పశువుల ఊపిరి మాత్రం వినపడేది, అన్నీ కలిసి ఒకే పెద్ద జంతువు నిద్రపోతున్నట్టు. ఆ ఊపిరితో పాక మెల్లగా వేడెక్కింది. దూడ తల ఒళ్ళో పెట్టుకుని, పాలల్లో గుడ్డ ముంచి చుక్క చుక్కగా నోట్లో పిండేవాడు. అది మింగితే ఊపిరి పీల్చుకునేవాడు, మింగకపోతే మళ్ళీ ముంచేవాడు. ఒకసారి అది చాలాసేపు కదలకపోతే, దాని గొంతు మీద చెవి ఆనించి అలాగే ఉండిపోయాడు. లోపల ఎక్కడో అడుగున టిక్కుమంటూ కొట్టుకుంటోంది. నామం జపించాలన్న సంగతే అతనికి గుర్తు రాలేదు. నిద్రకీ మెలకువకీ నడుమ, ఆ చప్పుడు దూడదో తనదో తెలియకుండా పోయింది.

ఎన్నాళ్ళకో మంచు ఆగింది.

దూడ నాలుక గరుకుగా అతని మణికట్టును నాకింది. తర్వాత అది ముందరి కాళ్ళు మడిచి, లేవబోయి, పడి, మళ్ళీ లేవబోయింది. మునీర్ దాని పొట్ట కింద చేతులు పెట్టి తల్లి పొదుగు దాకా నడిపించాడు. చీకట్లో వెతుక్కుని అది పొదుగు అందుకుంది. చప్పరిస్తున్న చప్పుడు.

అప్పుడే తలుపు తెరుచుకుంది.

బయట ఎండ కాసింది. లోయంతా పరుచుకున్న మంచు మీద పడి తిరిగి లేచిన వెలుగంతా ఒక్కసారిగా పాకలోకి వచ్చేసింది. దుంగలు, కొమ్ములు, గొర్రెల వీపులు, గాలిలో లేచిన నుసి, అన్నీ వెలిగిపోయాయి. గుమ్మంలో ఖలీల్ బాబా చేతిలో పొగలు కక్కుతున్న గంజి గిన్నెతో నిలబడి ఉన్నాడు. ఆయన చుట్టూ కూడా వెలుగే.

మునీర్ తల తిప్పలేదు. పాలు కుడుస్తున్న దూడ వీపు మీద అంగీని సర్ది, గుమ్మం వైపు అడ్డంగా జరిగి కూర్చున్నాడు.

"తలుపు వేయండి, బాబా," అన్నాడు మెల్లగా. "చలి వస్తోంది."

బాబా గిన్నె గుమ్మం లోపల పెట్టి, తలుపు దగ్గరికి లాగి గట్టిగా మూశాడు.

పాక మళ్ళీ చీకటైంది. బాబా తలుపు అవతలే నిలబడిపోయాడేమో, మంచు మీద వెళ్ళిపోతున్న అడుగుల చప్పుడు మాత్రం చాలాసేపటి దాకా వినపడలేదు.