పులి నోట్లో తాతగారు

ఓబులేసు గంటం పట్టాడంటే ఏడు ఊళ్ల తాటిచెట్లు భయపడి ఆకులు దాచుకునేవండీ, అంత జోరు! అడిగినవాళ్లకల్లా అర్జీలూ కథలూ రాసిపెట్టి బతికేవాడు. పేరు కొండంత, ఇంట్లో గాదె మాత్రం ఖాళీ.

ఒకనాడు జమీందారు జగ్గరాయలు పిలిపించాడు. "మా తాతగారి వీరగాథ రాయరా. నిండు కచేరీలో చదివిస్తాను."

"మరి నాకేమిస్తారు, దొరా?"

"ఇచ్చేదేమిట్రా? నీ పేరు దేశమంతా మోగదూ? అదే నీకు కూడు!"

ఓబులేసు తలూపి వెళ్లి, రాసుకొచ్చి, కచేరీలో చదివాడు. కథలో, ఇంకా పెళ్లికాని పడుచువయసు తాతగారు వేటకెళ్లాడు. పులంటే మామూలు పులా, మేడంత పులి! అమాంతం ఆయన తలను నోట కరుచుకుంది. ఓబులేసు అక్కడ ఆపి తాటాకులు కట్ట కట్టేశాడు.

"తర్వాత?" అన్నాడు దొర.

"పేరు తిని ఇంతవరకే రాయగలిగాను, దొరా. ఆకలికి చెయ్యి ఆడటం లేదు."

"అయితే అక్కడే ఆపెయ్!"

"చిత్తం. కానీ పెళ్లికాకుండానే తాతగారు పోతే, మీ నాన్నగారు ఎలా పుట్టారని రేపు సంతలో అడుగుతారే!"

కచేరీ అంతా దొర మొహంకేసి చూసింది. దొర గబుక్కున లేచాడు.

"ఒరేయ్, ఏటేటా పది పుట్ల ధాన్యం ఇస్తాను. ముందు మా తాతను బయటికి లాగరా!"

ఓబులేసు అక్కడికక్కడే లాగి, పెళ్లి కూడా చేసేశాడు.

ఆ ధాన్యం రావడం ఒక్క ఏడూ ఆగలేదు. ఎలా ఆగుతుందండీ? కోతలయ్యేసరికి ఓబులేసు తాటాకుల మీద దొరగారి వంశంలో ఇంకో బ్రహ్మచారి ఏ మొసలి నోట్లోనో కాలుపెట్టి సిద్ధంగా ఉండేవాడు!