రాజుగారి సగం గడ్డం

ఒకానొక రాజ్యంలో, అది ఎక్కడో అడక్కండి, అడిగితే చెప్పేస్తాను, భైరవరాజు అని ఒక రాజుగారుండేవాడు. అసలు పేరు చాలా పొడుగు. భటుడు ఆ పేరు పిలవటం మొదలెడితే చివరికొచ్చేసరికి వాడికి ఆకలేసేది.

రాజుగారికి ముగ్గురు బావమరుదులు. ముగ్గురికీ ఏ పనీ రాదు. పని రానోళ్ళకి ఏమిస్తారు? పదవులిస్తారు!

కోటలో ఓ కంచు కార్ఖానా ఉండేది. దాని మీద ముగ్గుర్నీ కూచోబెట్టాడు. ఏవి ఎన్ని చెయ్యాలో పెద్దాయన చెప్తాడు. ఏది ముందు చెయ్యాలో నడిపాయన చెప్తాడు. ఎప్పటికి అవ్వాలో చిన్నాయన పంచాంగం చూసి చెప్తాడు. ముగ్గురికీ మూడు గదులు. ఎప్పుడో విందులో అరిసెల దగ్గర తగువొచ్చి, ఒకళ్ళతో ఒకళ్ళు మాటల్లేవు. ఇహ కొలిమి మొహం చూసినోడైతే ముగ్గురిలో ఒక్కడూ లేడు. అక్కడ పొగంట!

ఆ కొలిమి దగ్గరుండేది సోమాచారి. ఆయన పోసిన గంట మోగితే మూడూళ్ళ అవతల దూడలు తాళ్ళు తెంపుకునేవి. నేను అబద్ధం చెప్పను, రెండూళ్ళు అనుకోండి.

ఇలా ఉండగా పొరుగు రాజు గురువారం చుట్టపుచూపుగా వస్తున్నానని కబురెట్టాడు. మన రాజుగారికి గొప్ప చూపించుకోవాలి కదా. పెద్దాయన తన గదిలోంచి, "ఏనుగు గంటలు నలభై, కంచు చెంబులు మూడొందలు, కోట గుమ్మానికి మనిషెత్తు జేగంట ఒకటి" అన్నాడు. చిన్నాయన తన గదిలోంచి, "అన్నీ గురువారం పొద్దున్నకే. ఆ రోజు బాగుంది" అన్నాడు. నడిపాయన రోజూ నిద్ర లేచి, ఆ పూట ఏది గుర్తొస్తే అది ముందన్నాడు.

రాజుగారు మీసం దువ్వి, "గురువారానికి అవ్వకపోతే సోమాచారి బొటనవేళ్ళు రెండూ తీయించేస్తా" అన్నాడు.

ఆదివారం సోమాచారి ఇంటరుగు మీద తల పట్టుకు కూచున్నాడు. పక్కింటాయన తవిటయ్య. రాజుగారికి క్షవరం చేసేది ఆయనే.

"ఏం బాబాయ్, మొహం మాడిన పెనంలాగుందేంటి?"

"వేళ్ళు పోతే సుత్తి దేంతో పట్టుకోవాలా అని చూస్తున్నానురా అబ్బాయ్. కాళ్ళతో ఒస్తదేమో."

"ఎంతవరకొచ్చింది పని?"

"అన్నీ వచ్చినయ్, ఏదీ రాలా. చెంబులకి అచ్చులు పెడితే, ఆపు, గంటలు ముందంటాడు నడిపి దొర. గంటలకి కంచు కరిగిస్తే, ఆపు, జేగంట ముందంటాడు. అచ్చులు తీసి అచ్చులు పెట్టటానికే సగం రోజు పోతంది. ఉన్నది ఒక్క కొలిమి!"

"వరసగా ఒకటయ్యాక ఒకటి పోస్తే?"

"పౌర్ణమికి అన్నీ చేసిస్తా. కానీ ఎప్పటికవుద్దని నన్నడిగినోడేడీ?"

తవిటయ్య నవ్వాడు. "అడుగుతార్లే. రేపు అడిగిస్తా."

సోమవారం పొద్దున పొరుగు రాజుగారి రాయబారి ఏర్పాట్లు చూట్టానికి వస్తున్నాడు. రాజుగారిది నలభై రోజుల దీక్ష గడ్డం, ఆ పొద్దుటితో దీక్ష తీరింది. పిచ్చుకలు గూడెట్టుకోవచ్చు. బావమరుదులు కూడా ఆయన్ని చూసి దీక్ష పట్టారు. అంటే గడ్డాలు నాలుగు, తవిటయ్య ఒక్కడు.

తవిటయ్య క్షవరం పొదితో సహా వచ్చి దండం పెట్టాడు. "మారాజా, ఇంత పెద్ద పని నా బుర్రకందదు. కార్ఖానాని నడిపించే దొరలే దీన్నీ నడిపిస్తే బాగుంటది."

పొగిడితే రాజుగారు మంచులా కరిగిపోతాడు. "కానీ, కానీ!" అన్నాడు.

"గడ్డాలు నాలుగు" అన్నాడు పెద్దాయన, గోడ వైపు చూస్తూ.

"రాయబారి మెట్లెక్కే లోపల అన్నీ నున్నగా ఉండాలి" అన్నాడు చిన్నాయన, పైకప్పు వైపు చూస్తూ.

"ముందు బావగారిది" అన్నాడు నడిపాయన.

తవిటయ్య రాజుగారి కుడిబుగ్గ నున్నగా గీశాడు. ఇంతలో నడిపాయనకి దురదేసింది. "ఆగాగు, ముందు నాది!"

తవిటయ్య వెంటనే లేచాడు. కత్తి కడిగాడు, పట్టీ మీద నూరాడు, కొత్తగా నీళ్ళు కాయించాడు, నడిపాయన సగం గడ్డం గీశాడు.

"నాకంటే వాడిది ముందేంటి?" అని పెద్దాయన గోడతో అన్నాడు. నడిపాయనకి అన్నంటే భయం. "సరే, ముందు అన్నది!" మళ్ళీ కత్తి కడగటం, నూరటం, నీళ్ళు. పెద్దాయనది సగమయ్యేసరికి చిన్నాయన అలిగాడు. "ముందు తమ్ముడిది!" అన్నాడు నడిపాయన.

చిన్నాయనది సగమయ్యేసరికి గుమ్మం దగ్గర బూరలు ఊదారు. రాయబారి పల్లకీ వీధి మలుపు తిరిగింది. రాజుగారు అద్దం చూసుకున్నాడు. కుడివైపు పెళ్ళికొడుకు, ఎడమవైపు ఎలుగ్గొడ్డు!

"ఒరేయ్ తవిటయ్యా! నాదెప్పటికవుద్దిరా?"

"నాకేం తెలుసు మారాజా? నేను గీసేవోణ్ణి. ఎప్పటికో చెప్పేది చిన్న దొరగారు."

చిన్నాయన గబగబా పంచాంగం తిప్పాడు. "అయిపోయింది బావగారూ! ఈ ఘడియకి అయిపోవాలని రాశాను. కనక అయిపోయినట్టే."

రాజుగారు ఎడమబుగ్గ తడుముకున్నాడు. గుప్పెడు గడ్డం చేతికి తగిలింది.

"నువ్వు రాస్తే ఊడుద్దా? గోడలనీ పంచాంగాలనీ అడుగుతారేంట్రా! కత్తి పట్టినోణ్ణి అడగండి!"

తవిటయ్య చటుక్కున కాళ్ళ మీద పడ్డాడు. "ఆ మాటే కొలిమి దగ్గర అనండి మారాజా! నాది ఒక్క కత్తి, సోమాచారిది ఒక్క కొలిమి. నన్ను ఒక్క పూట ఇట్టా తిప్పితేనే మీ బుగ్గ ఇట్టయింది. ఆయన్ని ఇన్ని రోజులు తిప్పారు. మరి వేళ్ళు తియ్యాల్సింది ఎవరివి?"

రాజుగారి కళ్ళు ఎర్రగా అయ్యాయి. తవిటయ్య మెడ ఆయనకి చాలా దగ్గర్లో ఉంది. కానీ ఆయన గడ్డం తవిటయ్య కత్తికి ఇంకా దగ్గర్లో ఉంది.

"సరే. ఎవరూ పిలవకపోతే ఎంతసేపు?" అన్నాడు రాజుగారు. నెమ్మదిగానే అన్నాడు.

"మీరు తాంబూలం నమిలేంత సేపు."

నమిలాడు. అయిపోయింది. రాయబారి మెట్లెక్కి వచ్చేసరికి రాజుగారి మొహం తోమిన పళ్ళెంలా మెరుస్తోంది. వెనకాల బావమరుదులు ముగ్గురూ తలో సగం గడ్డంతో నిలబడ్డారు. "తమ కోటలో అధికారులకి ఇదే ఆనవాయితీనా?" అన్నాడు రాయబారి, చాలా మర్యాదగా.

రాజుగారికి పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. కిరీటం ఊడి దొర్లితే రాయబారే పట్టుకున్నాడు.

"మరి ఆ మూడు గడ్డాలూ?" అన్నాడు రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ.

"వరసలో ఉన్నాయి మారాజా."

ఆ సాయంత్రమే రాజుగారు పొగలో దగ్గుకుంటూ కొలిమి దగ్గరికెళ్ళాడు. "ఆచారీ, ఏది ఎప్పటికవుద్ది?"

సోమాచారి సుత్తి కింద పెట్టాడు. "గురువారం చుట్టం ముందు మోగాల్సింది జేగంట కదండీ. అదొక్కటే చెయ్యనిస్తే, పోసి చల్లారటానికి బుధవారం. తర్వాత ఏనుగు గంటలు. చెంబులు పౌర్ణమికి. అందాకా పాతవి చింతపండెట్టి తోమించండి, ఎవరికీ తెలవదు."

అట్టాగే అయింది. గురువారం జేగంట మోగితే పొరుగు రాజు ఏనుగు వెనక్కి తిరిగి వాళ్ళూరు పారిపోయింది. ఆయన నడిచొచ్చాడు.

సోమాచారి వేళ్ళు చేతులకే ఉన్నాయి. ముగ్గురు బావమరుదులూ కొలిమి తిత్తి దగ్గరకెళ్ళారు, ఒకడు తొక్కుతుంటే ఒకడు బొగ్గులందించాలి, కాబట్టి మాటలు కూడా కలిశాయి. తవిటయ్యకి రాజుగారు శాలువా కప్పి, వెండిపిడి కత్తి ఇచ్చాడు.

ఆ తవిటయ్య మా తాతకి ముత్తాత. ఆ కత్తి ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. నమ్మనోళ్ళు రండి, గడ్డంతో సహా రండి, చూపిస్తాను. కాకపోతే ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు రండి.